ఎండకు పెట్టిన సెల్లులు

ఎల్లారెడ్డిలో మా పాత ఇంటి పెంకులు దించి రేకులు వేయిస్తున్నప్పుడు, అక్క కొడుకు అటక మీది నా ట్రంకుపెట్టెను దులిపి, ట్రాలీ ఆటోలో వేసి కామారెడ్డికి పంపించాడు. "మామా, నీ కాయిదాలు నీ దగ్గర్నే ఉండనీ, ఈడ చెదలు వడుతున్నయి" అని ఫోను చేశాడు. కాయితాలంటే నా డైరీలు. పదో తరగతి నుంచి ఇప్పటిదాకా నేను డైరీ రాయని రోజు లేదు. ఉద్యోగం కూడా అలాంటిదే దొరికింది. పోచారం ప్రాజెక్టు మీద నీటిమట్టం పలక చూసి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పుస్తకంలో రాయడం. వాన వచ్చినా జ్వరం వచ్చినా రాశాను. రిటైరైన రోజు పెద్దసారు దండ వేస్తూ, "సాయిలు రాసిన అంకెను మళ్ళీ చూడనక్కర్లేదు" అన్నాడు. ఆ మాటను చాలా ఏళ్ళు జేబులో పెట్టుకున్నట్టు తిరిగాను. ఆ ట్రంకుపెట్టె అడుగున, మేము అవ్వ అని పిలిచే అమ్మ చీర పేలికలో చుట్టిన రెండు క్యాసెట్లు ఉన్నాయి. ఒకదాని మీద 'హార్మోనియం' అని, రెండోదాని మీద 'అక్క' అని నా రాతే. అవి అక్కడ ఉన్నాయని నాకు తెలుసు. నేనే పెట్టాను. మరిచిపోయానని రాస్తే అది నా రాతల్లో మొదటి అబద్ధం అవుతుంది.

వినడానికి ఇంట్లో క్యాసెట్టు యంత్రం లేదు. పాత బస్టాండు వెనక పెళ్ళి వీడియోలకు పాటలు కలిపే సలీం దగ్గరికి వెళ్ళాను. "నాకిచ్చి పోండి సార్, సాయంత్రం వరకు మీ ఫోన్ల ఏసిస్త" అన్నాడు. ఇవ్వలేదు. నాకంటే ముందు ఇంకొకరు వినడం ఇష్టం లేకపోయింది. "నేనే నేర్చుకుంటా, ఏమేం కావాల్నో రాసియ్యి" అన్నాను. "రిటైరైనంక, ఈ ఉమర్ల స్టూడియో పెడ్తరా సార్?" అని నవ్వాడు కానీ, రాసిచ్చాడు; తన పాత క్యాసెట్టు డెక్కు కూడా నాకే ఇచ్చేశాడు. డైరీలు ఎక్కించుకుందామని కొన్న కంప్యూటరు వెనక గదిలో ఉండనే ఉంది. దానికి ఒక చిన్న ఇనుప పెట్టె తగిలించాలి. డెక్కు నుంచో మైకు నుంచో వచ్చే శబ్దాన్ని కంప్యూటరు తీసుకునేలా మార్చేది ఆ పెట్టె. లోపలికి వచ్చిన శబ్దం తెర మీద అడ్డంగా పరుచుకుంటుంది. ఒకదాని కింద ఒకటి, ఎన్ని కావాలంటే అన్ని పట్టీలు, వాటిని ట్రాకులంటారు. ఒక్కో గొంతుకు ఒక్కో ట్రాకు. ఒకదాన్ని పెంచవచ్చు, ఒకదాన్ని మూయవచ్చు, ఒకదాన్ని కోసి పక్కకు జరపవచ్చు. కాలువ కింద మడుల్లాంటివి అనుకున్నాను. ఏ మడికి నీళ్ళు కావాలో ఆ మడికే వదులుకోవచ్చు.

మొదటి రోజు స్పీకర్లు పెట్టి మైకు ముందు మాట్లాడితే ఇల్లంతా ఒకటే కూత. "రైలు మనింట్లకే వచ్చిందా ఏంది?" అని మా ఆవిడ వంటింట్లోంచి అరిచింది. సలీంకు ఫోను చేస్తే, "స్పీకర్లు బంద్ పెట్టుండ్రి సార్, హెడ్‌ఫోన్ పెట్టుకోండ్రి. మైకు ముంగట స్పీకర్ మాట్లాడొద్దు" అన్నాడు. హెడ్‌ఫోను పెట్టుకుంటే ఇంకో ఇబ్బంది వచ్చింది. నా మాట నాకే రెప్పపాటు ఆలస్యంగా వినిపించి, నాలుక తడబడింది. దానికీ మందు ఉంది. ఆ ఇనుప పెట్టె మీది చిన్న నాబ్ తిప్పితే, గొంతు కంప్యూటరులోకి పోయి తిరిగి రాకుండా నేరుగా చెవిలోకి వస్తుంది. దాన్ని మానిటరింగ్ అంటారట. పాడేవాడు తాను ఏం పాడుతున్నాడో ఆ క్షణానే తాను వినడం. ఆ మాట నోటుబుక్కులో రాసుకున్నాను. గోడలకు బొంతలు కట్టాను. ఫ్యాను తీగ పీకేశాను. స్టేషను దగ్గరి ఇల్లు కనుక రైళ్ళ వేళలు రాసిన కాగితం తలుపుకు అతికించాను. ఈ అమరిక అంతటికీ ఇరవై రోజులు పట్టింది. నిజానికి ఐదు రోజుల పని. మిగతా రోజులన్నీ ఆ క్యాసెట్లను డెక్కులో పెట్టకుండా ఉండటానికి నేను వెతుక్కున్న సాకులు.

'అక్క' క్యాసెట్టు పెట్టగానే మొదట వినిపించింది అక్క గొంతు కాదు, కత్తెర. తడిసిన తునికాకును బీడీ కొలతకు రేకు అచ్చు చుట్టూ కత్తిరించే చప్పుడు. ఆ చప్పుడుతో పాటు వాసన వచ్చింది. కామారెడ్డిలో, బొంతలు కట్టిన గదిలో, తంబాకు వాసన ఎక్కడినుంచి వస్తుంది? కానీ వచ్చింది. మా ఇల్లు ఆ వాసనతోనే లేచేది, ఆ వాసనలోనే అన్నం తినేది. అవ్వ తెల్లవారక ముందే తునికాకు తడిపి గోనెసంచిలో చుట్టేది. మధ్యమధ్యలో లేచి వచ్చి, జ్వరం వచ్చిన పిల్ల నుదురు చూసినట్టు చేతి వెనకవైపుతో ఆ సంచిని తాకి చూసేది. ఆకు ఎండితే విరుగుతుంది, నానితే నల్లబడుతుంది. ఆ మధ్య మెత్తదనం అవ్వ చేతికే తెలుసు. బాపుకు, అంటే మా నాన్నకు, తంబాకు దుమ్ము పడేది కాదు. పొలం నుంచి వచ్చి గడప మీద కూర్చోగానే వరసగా మూడు తుమ్ములు తుమ్మేవాడు. మూడోది కాగానే లోపలినుంచి అవ్వ "ఇగ చాలు" అనేది, ఆయన ఆగేవాడు. ఇన్నేళ్ళలో నాలుగో తుమ్ము నేను వినలేదు. ఆ క్యాసెట్టులో, రెండో చరణానికీ మూడో చరణానికీ మధ్య, ఆ మూడు తుమ్ములు ఉన్నాయి. దూరంగా "ఇగ చాలు" కూడా ఉంది. నేను ఆపేశాను. ఆ రోజుకు అంతకంటే వినలేకపోయాను.

మా అక్క పేరు రాజవ్వ. నాకంటే ఆరేళ్ళు పెద్దది. పెళ్ళయిన రెండో ఏడే బావ మస్కటుకు పోయాడు కనుక మా ఇంట్లోనే ఉండేది. ఒళ్ళో చాట, చాటలో తంబాకు, వేళ్ళ మధ్య ఆకు, నోట్లో పాట. ఆ పాటలు ఎక్కడా నేర్చుకున్నవి కావు. చేతి పనికి తగ్గట్టు తనే కట్టుకునేది. 'తునికాకు తడిపేసరికి తూరుపంత ఎర్రన, దారాలు సుట్టేసరికి దారులన్ని ఎర్రన' అని ఒకటి. వాడకట్టులో తక్కిన ఆడవాళ్ళు తమ చాటలు ఎత్తుకుని వచ్చి మా అరుగు మీద కూర్చునేవారు. చదువు రాని అక్క బావకు ఉత్తరం రాయలేదు. ఎవరైనా మస్కటు నుంచి వచ్చి తిరిగి పోయేటప్పుడు క్యాసెట్టు పంపేది. మా వైపు ఆ రోజుల్లో ఇంటింటికీ అదే ఉత్తరం. బావ తెచ్చిన టేపురికార్డరు నా చేతిలో ఉండేది, బటను నొక్కేది నేనే. మాట్లాడమంటే అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. "ఏం మాట్లాడాలెరా, సిగ్గయితది" అని, మాటకు బదులు ఒక పాట పాడేది. బావ క్యాసెట్టులో జవాబు వచ్చేది: "పాట మంచిగున్నది. రూముల అందరం విన్నం. ఇంకోటి పంపు."

మా ఊరి భజన మందిరంలో హార్మోనియం వాయించే సారు బడిలో మాకు లెక్కలు చెప్పినవాడే. రేడియోవాళ్ళు ఆడవాళ్ళ పనిపాటలు కావాలని, ముందు ఒక నమూనా టేపు పంపమని ఆయనను అడిగారట. ఆయన నేరుగా మా అరుగు దగ్గరికి వచ్చాడు. "రాజవ్వా, రేడియోల పాడుతవా బిడ్డా?" అన్నాడు. అక్క లేచి నిలబడింది. చాటలోని తంబాకు ఒళ్ళంతా పడింది. కానీ మందిరంలో సాధన సాయంత్రాలు జరిగేది. పొద్దున కార్ఖానాకు బీడీకట్టలు అప్పజెప్పాల్సిన మనిషికి సాయంత్రాలు ఎక్కడివి? అప్పుడు నేను ఒక ఉపాయం చెప్పాను. మందిరంలో హార్మోనియాన్నీ మా కోరసునూ మా టేపురికార్డరులో ఎక్కిద్దాం. మరునాడు దాన్ని ఇంట్లో పెడితే, వింటూ అక్క పాడుతుంది. రెండూ కలిపి సారు టేపురికార్డరులో ఎక్కిద్దాం. ఈ రోజు నా తెర మీద ట్రాకులు చేసే పనినే ఆ రోజు రెండు డబ్బాలతో చేద్దామన్నాను. సారు నా వీపు తట్టాడు. కాలేజీలో చదివే నాకు ఆ తట్టు చాలా గొప్పగా అనిపించింది.

"కరెంటును నమ్మొద్దు, కొత్త సెల్లులు తెచ్చిపెట్టు" అని సారు ముందే చెప్పాడు. ఆయన పెట్టెకు ఆయన కొత్తవి వేసుకున్నాడు. దుకాణం మా ఇంటికి పది నిమిషాల నడక. ఎండగా ఉంది. కరెంటు ఉంటుందిలే అనుకున్నాను. పోతే పోనీ అని టేపురికార్డరులోని పాత బ్యాటరీ సెల్లులనే పొద్దున గోడ మీద ఎండకు పెట్టాను. అందరూ చేసేదే, ఎండ తగిలితే పాత సెల్లు మళ్ళీ లేస్తుందని మా నమ్మకం. కాసేపు లేస్తుంది కూడా. మధ్యాహ్నం కరెంటు పోయింది. సెల్లులు వేస్తుంటే సారు అడిగాడు.

"కొత్తవేనారా?"

"కొత్తవే సార్."

అక్క పాడింది. వాడకట్టు అంతా ఊపిరి బిగబట్టింది, బాపు తుమ్ములు తప్ప. తరువాత సారు తన పెట్టెలో టేపు వెనక్కి తిప్పి వినిపించాడు. మొదటి చరణం చక్కగా ఉంది. రెండో చరణంలో ఏదో తేడా. మూడో చరణానికి హార్మోనియం ఒక దారి, అక్క గొంతు ఒక దారి. సారు కళ్ళు మూసుకుని విన్నాడు. "నీ గొంతు ఆగుతలేదు బిడ్డా. పైకి పారిపోతున్నది" అన్నాడు మెల్లగా. అక్క ఆయన వైపు చూడలేదు, నా వైపు చూసింది.

"నిజమేనారా తమ్మీ?"

"అవునక్కా" అన్నాను.

సారు ఆ క్యాసెట్టు తీసి నా చేతికిచ్చాడు. రేడియోకు టేపు ఆ సాయంత్రం బస్సుకే పంపాలి. సారు వెనక వీధి సుశీలను మందిరానికి పిలిచి, హార్మోనియం పక్కనే కూర్చోబెట్టి పాడించాడు. రేడియోలో సుశీల పాట వచ్చిన రోజు వాడకట్టు అంతా మా అరుగు మీదే చేరింది, రేడియో మా ఇంట్లోనే ఉంది కనుక. అక్క ఆకు కత్తిరిస్తూనే వింది. "మంచిగ పాడింది" అంది. ఆ తరువాత అక్క పాడటం నేను వినలేదు. బతుకమ్మ దగ్గర చప్పట్లు కొడుతుంది, పెదవులు కదపదు. కోడళ్ళు, మనవరాళ్ళు బలవంతం చేస్తే, "నా గొంతు పారిపోతదే, సారే చెప్పిండు" అని నవ్విస్తుంది. బావ ప్రతి క్యాసెట్టులో అడిగేవాడు: "పాడుతలేవేంది? పాణం బాగలేదా?" బటను నొక్కే మనిషిని కనుక ఆ ప్రశ్న ప్రతిసారీ నేనూ విన్నాను. అక్క మైకు దగ్గర వంగి, "నాకు సుతి లేదట" అని చెప్పిన రోజు కూడా బటను నా వేలి కిందే ఉంది.

ఇన్నేళ్ళ తరువాత ఆ రెండు క్యాసెట్లనూ తెర మీద ఒకదాని కింద ఒకటి పరిచాను. పైన హార్మోనియం, మందిరంలో కరెంటు మీద పడ్డది. కింద అక్క. రెండూ ఒకేసారి మొదలుపెడితే ఒకే అడుగుతో నడిచి, కొంతదూరం పోయాక కిందిది వెనకబడింది. ప్రతి చరణం మొదటా కోసి, జరిపి, మళ్ళీ కలిపాను. అప్పుడు విన్నాను. అక్క గొంతు మొదటి చరణం నుంచి చివరిదాకా అసలు హార్మోనియంతో వెంట్రుకవాసి తేడా లేకుండా ఉంది. ఆ గొంతు అడుగున, మా పెట్టెలోంచి వచ్చిన హార్మోనియం సన్నగా, నీరసంగా, చరణం చరణానికీ కిందికి దిగిపోతూ ఉంది. పారిపోయింది అక్క కాదు. సెల్లులు కుంగుతుంటే టేపు మెల్లగా తిరిగింది. ఇల్లంతా కుంగిపోతుంటే తానొక్కతే నిలబడిన మనిషిని మేము తప్పు పట్టాం.

కానీ ఇది కంప్యూటరు కనిపెట్టిన రహస్యమని రాయలేను. ఆ నాటి డైరీ తీశాను. నా గుండ్రటి రాతలో: 'ఉదయం సెల్లులు ఎండకు పెట్టాను. మధ్యాహ్నం రికార్డింగు. అక్క శ్రుతి తప్పింది.' మరునాటి పేజీలో: 'టేపురికార్డరు తిరగలేదు. సెల్లు కారింది. పారేశాను.' పెంటకుప్పలో విసిరేస్తున్నప్పుడే నాకు అర్థమైంది. సారు ఇల్లు కూడా పది నిమిషాల నడకే. వెళ్ళి ఒక్క మాట చెబితే అయ్యేది. 'కొత్తవే' అన్న నోటితో అది ఎలా చెప్పాలో తెలియక ఆగాను. ఒక రోజు ఆగినవాడికి రెండో రోజు ఆగడం సులువు. ఆ తరువాత పోచారం మీద అంగుళం తేడా రాకుండా నీళ్ళు కొలిచాను. సారు పోయాడు. బావ పోయాడు.

అక్క కంటి ఆపరేషనుకని కామారెడ్డి వచ్చింది. ఆపరేషను మరునాడు. అన్నం తిని, వెనక గదిలోకి తొంగి చూసి, "గోడలకు బొంతలు కట్టినవేందిరా? గోడలకు సలి వెడుతున్నదా?" అంది. కుర్చీలో కూర్చోబెట్టి హెడ్‌ఫోను పెట్టాను. "మెల్లగ, జుట్టు పీకుతున్నది" అని విసుక్కుంది. పాట మొదలైంది. అక్క మొహంలో ఏమీ కదలలేదు. రెండో చరణం తరువాత ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకుంది.

"బాపు! బాపు తుమ్ముతున్నడురా!"

"ఇంకా విను."

"అవ్వ... 'ఇగ చాలు' అంటున్నది." నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఈ పాడేది నేనేనా?"

"నువ్వే. ఇది సారు విన్న తీరు. ఇప్పుడు ఇంకో తీరుగ విను." మందిరం హార్మోనియాన్ని తెరిచాను. చివరిదాకా వింది.

"ఏది మంచిగున్నదక్కా?"

"ఇదే. దీంట్ల గొంతు హార్మోనిలనే ఉన్నది. ఆ ముందల దాంట్ల హార్మోని జారిపోతున్నది." ఒక్కసారికే పట్టుకుంది. నాకు ఇరవై రోజులు, ఇన్నేళ్ళు పట్టింది.

చెప్పాను. కాగితం మీద రాసుకున్న వరసలోనే చెప్పాను. అక్క హెడ్‌ఫోను తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"సెల్లులు ఎండకు వెట్టింది ఎవరు?"

"నేనే."

"కొత్తయని చెప్పింది?"

"నేనే."

"నీకెప్పుడు ఎరుకైంది?"

"మరునాడే."

అక్క ఒళ్ళో ఉన్న హెడ్‌ఫోను తీగను వేలికి చుట్టుకుంది. తరువాత, "మీ బావ ఎన్నిసార్లు అడిగిండురా," అంది. "ఆయన ఉన్ననాడన్న చెప్పకపోతివి." తిట్టలేదు. తిడితే నాకు కాస్త తేలికగా ఉండేది. క్షమించమని అడుగుదామని నోరు తెరిచాను. అడగనివ్వలేదు. మైకు వైపు వేలు చూపింది.

"అండ్ల మాటలు కూడ పడతయా?"

"పడతయి."

"నాతోని చెప్పింది అండ్ల చెప్పు. ఇంటికాడ పిల్లలు ఇనాలె. నా మనవరాలు ఇనాలె."

హెడ్‌ఫోను పెట్టుకున్నాను. కొత్త ట్రాకు తెరిచాను. "ఆనాటి రికార్డింగులో కొన్ని కారణాల వల్ల పొరపాటు జరిగింది..." అని మొదలుపెట్టాను.

"ఆగాగు. గదేంది, ఆఫీసు కాయిదం సదివినట్టు? పొరపాటు దానంతట అదే జరిగిందా? మల్ల చెప్పు."

మళ్ళీ చెప్పాను. "మా రాజవ్వక్క గొంతు ఏనాడూ తప్పలేదు. పాత సెల్లులు వేసింది నేను. కొత్తవని అబద్ధం చెప్పింది నేను. మరునాడే తెలిసీ చెప్పనిది నేను." నాబ్ తిప్పి ఉంది కనుక ప్రతి మాటా అన్న క్షణానే నా రెండు చెవుల్లోకి వచ్చింది. ఎదుటివాళ్ళకు చెప్పేటప్పుడు మన మాట సగం గాలిలో పోతుంది. హెడ్‌ఫోనులో పోదు.

"నీకు ఇనవడ్డదా?" అంది అక్క.

"ఇనవడ్డదక్కా."

"గది చాలు." చెయ్యి చాపి హెడ్‌ఫోను తీసుకుంది. "ఇగ నా పాట పెట్టు. ఆ కోరసుల నువ్వున్నవా?"

"ఉన్నా. మందిరంల మొగోళ్ళందరి గొంతులూ ఉన్నయి."

"వాళ్ళు ఉండనీ. ఇప్పుడు నువ్వు చెప్పిన ముచ్చట మాత్రం నాకు అడ్డం రావొద్దు. చెరుపకు, బంద్ పెట్టు."

నా ట్రాకు మూసి, పాట మొదలుపెట్టాను. స్పీకర్లు ఆపి ఉన్నాయి, హెడ్‌ఫోను ఒక్కటే ఉంది. అక్క కళ్ళు మూసుకుంది. కాసేపటికి ఒళ్ళో ఉన్న వేళ్ళు కదలడం మొదలయ్యాయి. ఎడమ చేతి వేళ్ళ మీద కుడి బొటనవేలు ముందుకు, వెనక్కు. ఆకు చుట్టి, చివర మడిచి, దారం తిప్పి. తలుపు మీది కాగితం చెప్పిన వేళకే రైలు వచ్చి, కిటికీ అద్దాలు అదిరించి పోయింది. ఆమె కళ్ళు తెరవలేదు. నాకు రైలే వినిపించింది.